ఆరో పంక్తి

అక్టోబర్ 9, 1996, బుధవారం

పిల్లవాడికి ఇవాళ ఏడో రోజు. పోయిన మా నాన్న పేరే పెట్టారు, జహ్రాన్. పిల్లవాడి తండ్రి, మా తమ్ముడు ఖల్ఫాన్ నిన్ననే మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. మేకను కోశారు. మధ్యాహ్నానికి రుస్తాక్‌లో సగం మంది ఆడవాళ్ళు మా ముంగిట్లోనే ఉన్నారు. కాఫీ కూజా నా చేతిలోంచి కిందికి దిగలేదు.

గోరింటాకు నేనే పెట్టాను. మన తోటలో ఆకే. ఎండబెట్టి, దంచి, జల్లించి, ఎండునిమ్మకాయలు మరగబెట్టిన నీళ్ళలో రెండు రోజులు నానబెట్టాను. ముందు మరదలు రయ్యాకి మోచేతుల దాకా తీగలు వేశాను. తర్వాత పిల్లవాడికి. అరచేతులు, మోకాళ్ళ దాకా కాళ్ళు, పొట్ట, నడినెత్తి. పసివాళ్ళ చర్మం గట్టిపడుతుందని అమ్మ మా అందరికీ పెట్టించింది. మూడు గంటలుంచి కడిగితే ఎంత ఎర్రగా పండిందో. పొరుగింటి గనియ్యా పిన్ని చూసి, "ఏమాటకామాటే, జువైనాది చల్లని చెయ్యి" అంది. అందరి ముందూ అంది.

సాయంత్రం రయ్యా అడిగింది.

"వదినా, ఆసుపత్రిలో నర్సమ్మ టీకాల కార్డులో పెట్టి ఏదో కాగితం ఇచ్చింది కదా. అందులో ఏముంది?"

టీకాల సంగతే అన్నాను. టీకాల కార్డులో పెట్టే ఇచ్చింది కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు.

అక్టోబర్ 11, శుక్రవారం

పిల్లవాడి కళ్ళు కొంచెం పసుపుగా ఉన్నాయి. పుట్టిన పిల్లలందరికీ వచ్చేదే. అమ్మ పొద్దుటి ఎండలో పడుకోబెట్టమంటే పడుకోబెట్టాం. పాలు కాస్త తక్కువ తాగుతున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్దామా వదినా? ఎలాగూ కారుంది" అంది రయ్యా.

"ఇవాళ శుక్రవారం, సెలవు. రేపు చూద్దాంలే" అన్నాను.

ఖల్ఫాన్ నాలుగింటికి మస్కట్ వెళ్ళిపోయాడు. గుడ్డలన్నీ నేనే ఉతికాను. బాలింత, ఆమెకెందుకు శ్రమ.

అక్టోబర్ 12

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. చేతికి ఏదో ఒక పని ఉండాలి.

తెల్లారేసరికి పిల్లవాడు రొమ్ము పట్టడం మానేశాడు. ఏడుపు పిల్లికూన మూలుగులా సన్నగా వస్తోంది. వెన్ను విల్లులా వెనక్కి వంచేస్తున్నాడు. గనియ్యా పిన్ని కొడుకు ట్రక్కులో తీసుకొచ్చాడు.

పిల్లల డాక్టరు ఇహ్సాన్ అని, సూడాన్ ఆవిడ. గుడ్డ విప్పి ఎర్రటి పొట్ట చూసింది. కాళ్ళు చూసింది.

"ఇది ఎప్పుడు పెట్టారు?"

"బుధవారం నాడమ్మా, ఏడో రోజున" అంది అమ్మ.

"మూత్రం ఇంత నల్లగా ఎప్పటి నుంచి వస్తోంది?"

రయ్యా నా వైపు చూసింది. గుడ్డలు చూసేది నేనే కదా.

"ఇవాళ పొద్దున్నుంచే" అన్నాను.

డాక్టరు పుట్టిన నాటి ఫైలు తెప్పించింది. "ఈ పిల్లవాడి రక్తంలో లోపం ఉందని బొడ్డుతాడు పరీక్షలోనే తేలింది. ఇక్కడ రాసి ఉంది. ఇంటికి పంపేటప్పుడు మీకో కాగితం ఇవ్వాలి. ఏవి కూడవో అందులో ఉంటాయి. గోరింటాకు కూడా. ఇవ్వలేదా?"

అందరూ నన్నే చూశారు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేను. నాలుగో తరగతి పంతులమ్మని. సంచిలోంచి టీకాల కార్డు తీసి చూపించాను.

"ఇదొక్కటే ఇచ్చారు."

"అవునమ్మా, టీకాలదే. మా వదిన చదివింది" అంది రయ్యా.

పిల్లవాడి రక్తం చెంచాడు చెంచాడుగా బయటికి తీసి, మళ్ళీ అంతే కొత్త రక్తం ఎక్కిస్తున్నారు. ఇప్పటికి రెండు గంటలయింది.

అక్టోబర్ 13

ఆ కాగితం నేను చదవలేదు. మడత విప్పి మొదటి పంక్తి చూశాను, అంతే.

అక్టోబర్ 14

ఇవాళ ఆ నర్సుని పిలిపించారు. సూసమ్మ, కేరళ మనిషి. పన్నెండేళ్ళుగా ఇక్కడే పని చేస్తోందట. మన భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. తలుపు దగ్గరే నిలబడింది.

"నేను ఇచ్చాను, డాక్టర్. కార్డు లోపల పెట్టాను. టీచర్ చేతికి ఇచ్చాను."

"ఈవిడకేనా?"

"ఈవిడే. కళ్ళజోడు. టీచర్ చదివింది. చదివితే పెదాలు కదిలాయి. నేను చూశాను."

డాక్టరు నా వైపు తిరిగింది. నాకు గుర్తు లేదని చెబుదామనుకున్నాను. గుర్తు లేదంటే ఇచ్చి ఉండొచ్చని అర్థం వస్తుంది. అందుకని, "ఇవ్వలేదు" అన్నాను.

సూసమ్మ డాక్టరుతోనే అంది. "రిజిస్టర్‌లో సంతకం తీసుకోలేదు. ఆరోజు పదకొండు కాన్పులు. అది నా తప్పు. కాగితం ఇచ్చాను."

చదివేటప్పుడు నా పెదాలు కదులుతాయని ఈ ముప్పై ఆరేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

అక్టోబర్ 15

పసుపు దిగుతోందట. నీలం దీపం కింద, కళ్ళకు గంతలతో, వేయించిన చేపలా పడి ఉన్నాడు. రయ్యా ఆ గది అద్దాల కిటికీ దగ్గర నుంచి కదలడం లేదు.

అమ్మ ఇవాళ రయ్యాని పట్టుకుంది. కాన్పుకి ముందు బాకలా చిక్కుడు గింజలు తిన్నావు కదా, గిన్నెడు ఉడికించుకుని తిన్నావు, నేను కళ్ళారా చూశాను అని.

"ఒక్కసారే అత్తయ్యా. నోరు చేదుగా ఉంటే తిన్నాను."

"కొండ మీద మేక మేసినట్టు ఏది కనిపిస్తే అది మేస్తే ఇంతే మరి. మా వైపు ఇలాంటి రక్తం లేదు. ఆరుగుర్ని కన్నాను, ఒక్కడికి పచ్చబడలేదు."

రయ్యా పైగ్రామం పిల్ల. తల్లి లేదు, పుట్టింట్లో నలభై రోజులు చూసేవాళ్ళు లేకే మా దగ్గర పురుడు పోసుకుంది. నోట్లో నాలుక లేని మనిషి. నేను అక్కడే ఉన్నాను. అమ్మని ఆపలేదు.

డాక్టరు వచ్చి విని, తన చేతులు చాపి అమ్మకి చూపించింది. వేళ్ళ చివర్లు గోరింటాకుతో నల్లగా ఉన్నాయి. "చూడండి, నేనూ పెట్టుకుంటాను. నాకేం కాదు. ఈ ఆకులో ఎర్రటి రంగు ఉందే, అది క్వినోన్ అనే జాతి పదార్థం. గోరుకి ఎలా అంటుకుంటుందో లోపలికి వెళ్తే రక్తకణానికీ అలాగే అంటుకుంటుంది, నిప్పురవ్వ పడ్డట్టు. మన కణాల్లో ఒక కాపలావాడు ఉంటాడు, పడ్డ రవ్వనల్లా ఆర్పుతుంటాడు. మీ మనవడికి ఆ కాపలావాడు సరిగా లేడు. పైగా పసివాడి చర్మం పల్చన, ఒళ్ళంతా పూశారు. కణం పొర కాలి చిట్లిపోతుంది. చిట్లినదానిలో కొంత మూత్రంలో నల్లగా పోతుంది, మిగతాది ఒంట్లో పసుపుగా పేరుకుంటుంది. ఆ పసుపు మెదడుకెక్కితే అక్కడి కణాలూ చస్తాయి."

"మరి బాకలా గింజలు?" అంది అమ్మ, వదలకుండా.

"ఇలాంటి పిల్లలకి అవీ మంచివి కావు. కలరా ఉండలూ అంతే, ఒంట్లోకి వెళ్ళి ఇదే జాతిగా మారతాయి. ఆ రంగుకి ఎర్రకణమనే పట్టింపు కూడా లేదు, మోతాదు మీరితే బతికున్న ఏ కణాన్నయినా కాలుస్తుంది. కానీ కాన్పుకి ముందు తిన్న గింజలు కాదు ఇక్కడ చేసింది. లోపం తల్లి నుంచే కొడుక్కి వస్తుంది, నిజమే. అది తల్లి తప్పు కాదు. మన ఊళ్ళో నలుగురు మగపిల్లల్లో ఒకడికి ఉంటుంది. జాగ్రత్త పడితే వాళ్ళంతా తాతలవుతారు."

అమ్మకి వినబడింది ఒక్క ముక్కే. "చూశావా, తల్లి నుంచేనట."

రయ్యా మెల్లిగా అడిగింది. "ఒక్క రోజు ముందు తెచ్చుంటే డాక్టరమ్మా?"

"ఈ వయసులో ఒక రోజంటే చాలా పెద్దదమ్మా" అంది డాక్టరు.

అక్టోబర్ 16

నాలుగో పంక్తి దాకా చదివాను. గోరింటాకు మాట అయిదో పంక్తిలో ఉంది.

అక్టోబర్ 24

ఇంటికి వచ్చేశాం. పిల్లవాడు పాలు తాగుతున్నాడు, తెల్లబడ్డాడు. కాళ్ళ మీద గోరింటాకు ఇంకా చెరగలేదు. మునుపు నారింజ రంగు, ఇప్పుడు తుప్పు రంగు. స్నానం చేయించేటప్పుడు కాస్త గట్టిగా రుద్దితే, "వదినా, మెల్లిగా" అంది రయ్యా.

తర్వాత నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు లేకపోతే ఆసుపత్రిలో నేను ఏమైపోయేదాన్నో. పన్నెండు రోజులు బల్ల మీద కూర్చున్నావు."

నేను కూర్చున్నది కాపలాకి. రయ్యా ఒంటరిగా ఆ నర్సు కంట పడకుండా.

అక్టోబర్ 28

పిల్లవాణ్ణి చూపించడానికి వెళ్ళాం. రయ్యా తూకం దగ్గర ఉండగా డాక్టరు నాతో అంది, సూసమ్మను పురిటి వార్డు నుంచి తీసేసి బట్టల గదిలో వేశారట. వచ్చే నెల ఇరవయ్యో తారీకున దేశం పంపించేస్తారట.

"పన్నెండేళ్ళలో ఒక్క మాట పడలేదు ఆవిడ. నాకు మనసొప్పడం లేదు. కానీ విచారణ కమిటీ ఏం చేస్తుంది? మీరు ఊరివాళ్ళు, టీచరు. మీ మాటే రాసుకున్నారు."

"పాపం" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

నవంబర్ 5

ప్రశ్న ఆఖరి దాకా చదివాకే జవాబు రాయాలని ఏడేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఇవాళ చెప్పలేక బల్ల మీద పరీక్ష కాగితాలు పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

నవంబర్ 9

రయ్యా ముంగిట్లో కాఫీ గింజలు దంచుతోంది. ఇత్తడి రోలు, ఇత్తడి రోకలి. ఆ మోతకి గోడ మీద పావురాలు లేచిపోతాయి. పక్కనే చాప మీద పిల్లవాడు మెలకువగా ఉన్నాడు, నా కళ్ళజోడు తళతళ చూస్తున్నాడు. రెప్ప వెయ్యలేదు.

రయ్యా దంచడం ఆపింది. రోలు పట్టుకుని వాడి తల వెనక్కి వెళ్ళి దాన్ని ఒక్కసారి గట్టిగా కొట్టింది. వాడు నా జోడే చూస్తున్నాడు.

"మొద్దు వెధవ, తాత పోలికే. పిడుగు పడ్డా కదిలేవాడు కాదు ఆయన" అంది అమ్మ.

రయ్యా వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం తెచ్చింది, మూకుడు తెచ్చింది, తాళాలు తెచ్చింది. ఒక్కొక్కటే కొట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. చివరికి రోలు పక్కన కూలబడి, ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు అంది.

"నా రక్తం వదినా. నా రక్తమే వాడి చెవులు తినేసింది."

నవంబర్ 10

ఈ పుస్తకం ఎవరూ చూడరు. ఇక్కడైనా నిజం రాస్తాను.

అక్టోబర్ అయిదో తారీకు మధ్యాహ్నం. రయ్యా మంచం మీద పిల్లవాడికి గౌను తొడుగుతోంది. సూసమ్మ కార్డు, అందులో మడిచిన కాగితం నా చేతిలో పెట్టి, "టీచర్, మొత్తం చదువు. ముఖ్యం" అంది. ఆమె ముందే చదివాను. మొత్తం. ఆరు పంక్తులు. ఈ బిడ్డ రక్తంలో రక్షక పదార్థం తక్కువ. బాకలా గింజలు పెట్టరాదు. కలరా ఉండలు వేసిన బట్టలు తొడగరాదు. డాక్టరును అడగక మందులు వాడరాదు. గోరింటాకు పూయరాదు. అయిదు అయ్యాయి. ఆరోది ఇప్పుడే రాయను.

ఇంటికి రాగానే చెబుదామనే అనుకున్నాను. మర్నాడు గనియ్యా పిన్ని వచ్చింది. అమ్మతో అంది, నేను వింటానని తెలిసే అంది.

"పిల్లలు పుట్టని చెయ్యి పసివాడికి గోరింటాకు పెట్టకూడదంటారు షమ్సా. మా కోడల్ని పంపుతాలే."

"నా కూతురే పెడుతుంది. ఆ చేతికేం రోగం?" అంది అమ్మ.

ఇబ్రీలో ఆరేళ్ళు కాపురం చేసి, కడుపు పండలేదని పంపించేస్తే తిరిగొచ్చినదాన్ని. ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురికీ నా చేతి గోరింటాకే కావాలి, పెట్టేటప్పుడు మాత్రం పక్కన పిల్లల తల్లి ఎవరైనా కూర్చోవాలి, దోషం తగలకుండా. అలాంటిది ఇంటి బిడ్డకి పెట్టొద్దని నేనే అంటే ఏమనుకుంటారు? కాగితంలో ఉందని చెబితే ఎవరు నమ్ముతారు? పిన్ని మాటకి జడిసి సాకు చెబుతోంది అంటారు. ఒక ఆకు పిల్లవాణ్ణి ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఆసుపత్రివాళ్ళు అన్నీ రాస్తారులే అనుకున్నాను. ఏడో తారీకున ఆకు నానబెట్టాను. కాగితం నా వాచకంలో పెట్టాను.

పొట్ట మీద పూస్తుంటే వాడు నా వేలు పట్టుకున్నాడు.

ఆరో పంక్తి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళు పచ్చబడినా వెంటనే, ఆ రోజే, ఆసుపత్రికి తీసుకురావాలి.

శుక్రవారం మధ్యాహ్నం గుడ్డ విప్పితే పాలు లేని టీ రంగు. ఇంకో గంటకి మరో గుడ్డ, ఇంకా నలుపు. అది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. కారు గుమ్మంలో ఉంది. తీసుకెళ్తే డాక్టరు ఎర్రటి పొట్ట చూస్తుంది, కాగితం ఏదని అడుగుతుంది. రేపటికి తగ్గుతుందేమో అనుకున్నాను. మూడు గుడ్డలు కాలవ దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు తేటగా పారేదాకా ఉతికాను. వెనక్కి వస్తుంటే ఖల్ఫాన్ తాళాలు పట్టుకుని ఎదురొచ్చాడు.

"అంతా బాగానే ఉందా అక్కా? ఉండమంటే ఉంటాను."

"బాగానే ఉందిరా. నువ్వు వెళ్ళు" అన్నాను.

గోరింటాకు తెలిసీ తెలియక పెట్టాననుకోవచ్చు. గుడ్డలు తెలిసే ఉతికాను.

నవంబర్ 13

సూసమ్మను పంపించేసే ఇరవయ్యో తారీకుకి ఏడు రోజులు. ఖల్ఫాన్ రేపు వస్తాడు.

నవంబర్ 15, శుక్రవారం

భోజనాలయ్యాక చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు కాగితం తీసి చాప మీద పెట్టాను. ఖల్ఫాన్ తీసుకోబోతే రయ్యా ఆపింది.

"ఆవిడనే చదవనివ్వండి. ఇంట్లో చదివేది ఆవిడే కదా."

చదివాను. పెదాలు కదులుతున్నాయని తెలుస్తూనే ఉంది. అయిదో పంక్తి దగ్గర అమ్మ, "చాల్లే, ఆ రాసినవాళ్ళు మహా తెలిసినవాళ్ళు" అంది. నేను ఆరోది కూడా చదివాను. అక్కడ ఆగిపోయాను.

"ఇంకోసారి చదువు" అంది రయ్యా.

మళ్ళీ మొదటి నుంచి చదివాను.

రయ్యా అడిగింది. "ఆ శుక్రవారం గుడ్డలన్నీ నువ్వే ఉతికావు. నేను ఉతుకుతానంటే వద్దన్నావు. అప్పుడు ఏ రంగులో ఉన్నాయి?"

చెప్పాను. టీ రంగు. ఎన్ని గుడ్డలో కూడా చెప్పాను.

ఖల్ఫాన్ లేచాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. గుమ్మం దాకా వెళ్ళి, అటు తిరిగే అన్నాడు. "నేను ఉండమంటావా అని అడిగాను. నిన్ను నేను అడిగాను."

"అవునురా."

"బట్టలు సర్దుకో. రేపు పొద్దున్నే నిన్ను ఎక్కడికి కావాలంటే అక్కడ దింపుతాను."

"వెళ్ళదు" అంది రయ్యా. అంత గట్టిగా ఆమె మాట్లాడటం ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. "ఎక్కడికి వెళ్తుంది? వెళ్తే హాయిగా ఉంటుంది. ఎవరికీ తెలియని ఊళ్ళో పంతులమ్మగా ఉంటుంది. ఇక్కడే ఉండాలి. ముందు ఆ నర్సమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పి రావాలి."

పిల్లవాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అమ్మ కాగితం నలిపి పొయ్యిలో పడేయబోయింది. చేతిలోంచి లాక్కున్నాను. అమ్మ చెయ్యి పట్టి లాగడం నా జన్మలో అదే మొదలు.

నవంబర్ 16

డాక్టరు గదిలో మూడు పేజీలు రాసి ఇచ్చాను. కమిటీ పెద్ద ఒకాయన వచ్చి చదివి, "టీచరుగారూ, ఇలా రాస్తే మీ ఉద్యోగానికి కూడా..." అని ఆగాడు. కావాలంటే మరోలా రాయొచ్చు అన్నట్టు చూశాడు. మార్చనన్నాను. డాక్టరు ఇహ్సాన్ నన్ను కూర్చోమనలేదు. ఆఖర్న ఒక్క మాట అడిగింది. "పొద్దున్నుంచే అని నాతో చెప్పారు. నేను ఆ లెక్క మీదే వైద్యం చేశాను. మీకు తెలుసా?" తెలియదు. ఇప్పుడు తెలిసింది.

సూసమ్మ బట్టల గదిలో దుప్పట్లు మడతపెడుతోంది. నన్ను చూసి కూడా మడతపెడుతూనే ఉంది. చెప్పాను. ఎదురుగా నిలబడి చెప్పాల్సింది కాబట్టి నిలబడే చెప్పాను.

"బాబు ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"వినపడటం లేదు."

దుప్పటి పక్కన పెట్టింది. నా వైపు తిరిగి అంది. "నెల రోజులు నేను అనుకున్నాను. నేను ఇవ్వలేదేమో. నా బుర్ర చెడిందేమో. పదకొండు కాన్పులు, మర్చిపోయానేమో. నా చేయి మీద నాకు నమ్మకం పోయింది. అర్థమైందా, టీచర్? నువ్వు అది తీసుకున్నావు."

"క్షమించమని అడగడానికి..."

"అడగొద్దు. నాకు చాలా పని ఉంది."

మళ్ళీ దుప్పటి అందుకుంది.

నవంబర్ 21

ఆమెని పంపలేదు. పురిటి వార్డుకి తిరిగి రమ్మన్నారట. తనే రానని, సోహార్ ఆసుపత్రికి బదిలీ అడిగిందని డాక్టరు చెప్పింది.

నవంబర్ 24

బళ్ళో తెలిసిపోయింది. నేను గదిలోకి వస్తే మాట మారుస్తారు. అమ్మ నాతో బాగానే మాట్లాడుతోంది. అదే భరించలేకుండా ఉంది.

డిసెంబర్ 3

మస్కట్‌లో పరీక్ష చేశారు. రెండు చెవులూ. మెదడుకెక్కిన ఆ పసుపే చెవి నరాల్ని తినేసిందట. గట్టి శబ్దం కొద్దిగా చేరుతుంది, మాట చేరదు. ఆరో నెల దాటాక చెవికి యంత్రం పెడతారట. నెలకోసారి తీసుకురావాలి. మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఇంటికి వచ్చాక రయ్యా నన్ను గదిలోకి పిలిచింది. ఈ పద్దెనిమిది రోజుల్లో నాతో మాట్లాడటం అదే మొదలు.

"నెలనెలా నాతో నువ్వు వస్తావు. అక్కడ రాసి ఇచ్చేవి చదవాలి, నాకు ఇంకా గబగబా చదవడం రాదు. నువ్వు చదివింది సరో కాదో ఇంకొకళ్ళతో చదివించుకుంటాను. కోపం తెచ్చుకోకు."

"తెచ్చుకోను."

"ఇంకోటి. వాడికి చెవులు ఎందుకు పోయాయని ఎవరడిగినా నువ్వే చెప్పాలి. జ్వరం వచ్చిందని కాదు, దేవుడి రాత అని కాదు, తల్లి రక్తం అని కాదు. జరిగింది చెప్పాలి. అత్తయ్య ముందు కూడా."

"చెబుతాను."

"ఆ పని నేను చచ్చేదాకా" అంది. తర్వాత కొంచెం ఆలోచించి, "నువ్వు చచ్చేదాకా" అని సరిదిద్దుకుంది.

జనవరి 14, 1997

గనియ్యా పిన్ని వాళ్ళింట్లో కాన్పు. గోరింటాకుకి పిలిచారు. వెళ్ళి, పెద్దవాళ్ళకి పెట్టి, పసివాడికి పెట్టనని చెప్పాను. ఎందుకో చెప్పాను. పిన్ని చెవులు మూసుకుంది. ఆ పిల్లవాడి అమ్మమ్మ పెట్టేసింది. వాడికేం కాలేదు, నలుగురిలో ముగ్గురికి ఏమీ కాదు. ఊరంతా ఇప్పుడు నన్ను పిచ్చిదంటోంది.

మే 10

ఇవాళ మస్కట్‌కి వాన్‌లో వెళ్ళాం. జహ్రాన్‌కి చెవుల వెనక యంత్రాలు పెట్టి వారమే అయింది. వేళ్ళతో పీకేస్తున్నాడు, రయ్యా మళ్ళీ పెడుతోంది. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఆమె పక్కన ఏడో నెల కడుపుతో కూతురు. మాటలు కలిపింది, ఖర్జూరాలు పెట్టింది. పిల్లవాణ్ణి ముద్దు చేసింది. తర్వాత రయ్యాని అడిగింది.

"బంగారుకొండ. చెవులకేమిటమ్మా అది? పుట్టుకతోనేనా?"

రయ్యా కిటికీ వైపు తిరిగింది. జవాబు నాది.

"పుట్టుకతో కాదు. ఏడో రోజున ఒళ్ళంతా గోరింటాకు పూశారు. వాడి రక్తానికి అది పడదు" అన్నాను.

"అయ్యో, తెలియక పూశారు కాబోలు."

"తెలుసు. ఆసుపత్రివాళ్ళు కాగితంలో రాసి ఇచ్చారు. పూసినవాళ్ళు అది చదివారు."

కడుపుతో ఉన్న పిల్ల ముందుకు వంగింది. పెద్దావిడ చెయ్యి ఖర్జూరాల సంచి మీదే ఆగింది.

"చదివి కూడా పూసిందా? ఎవరా మహాతల్లి?"

"నేనే."

వాన్‌లో ఇంకెవరో విని వెనక్కి తిరిగారు. పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. నన్ను వదిలేసి రయ్యాతో అంది. "ఈవిడని పక్కన ఎలా కూర్చోబెట్టుకున్నావమ్మా తల్లీ? నేనైతే మొహం చూసేదాన్ని కాదు."

రయ్యా కిటికీ నుంచి తల తిప్పలేదు.

"చెప్పనివ్వండమ్మా. ఇంకా ఉంది" అంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, ఆ మూడు గుడ్డల దగ్గర నుంచి మొదలుపెట్టాను.